‘మనవాళ్లేగా’ అనుకోకు

అమ్మడూ,

చెన్నై టి.నగర్‌లో హాలు తీసుకుని, సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్లనీ చదివేవాళ్లనీ ఒకచోట కూర్చోబెడతావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. 1924లో భారతి పత్రిక, 1947లో చందమామ మొదలైన ఊరమ్మా ఇది. ఇప్పుడు తెలుగు పుస్తకాలు పెట్టెల్లో విజయవాడ నుంచి దిగుతున్నాయి. అలాంటి చోట నువ్వు బల్లలు వేస్తానంటే గర్వంగా ఉండదూ!

తేదీ ఫిబ్రవరిలో పెట్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్ని నమ్మలేం. జనవరిలో సంక్రాంతి, పుస్తక ప్రదర్శన. సాయంత్రం 4 నుంచి 7 చాలు. పానగల్ పార్కులో అయితే ఖర్చుండదన్నావట. కూర్చుని చదువుకోవడానికి బాగానే ఉంటుంది. బల్లలేసి డబ్బు తీసుకోవాలంటే ముందు కార్పొరేషన్‌ని అడగాలి. హాలే నయం.

ఇక అసలు సంగతి. ఇలాంటిచోట ఏమవుతుందో విను. పన్నెండు మంది రచయితలు, తలా 10 కాపీలు, మొత్తం 120. ఎవరెన్ని తెచ్చారో ఎవరూ రాసుకోరు, ‘మనవాళ్లేగా’ అంటారు. అందరికీ కలిపి ఒకటే క్యూఆర్ అట్ట నిలబెడతారు. రాత్రి ఖాతా తెరిస్తే 200 రూపాయలు పడి ఉంటాయి. 200 ధర ఉన్న పుస్తకాలేమో నాలుగు! ఇంకొకాయన రెండు పుస్తకాలకి కలిపి 350 పంపాడు. అది 150, 200 కలిపా, 100, 250 కలిపా? బల్ల మీద మిగిలినవి 83. డబ్బు వచ్చింది 34 కాపీలకి. మిగతా మూడూ ఏమయ్యాయి? రెండు అతిథి చేతిలో పెట్టి దణ్ణం పెట్టారు. ఒకటి ఎవరో తిరగేస్తూ సంచిలో వేసుకున్నారు. అడగడానికి రచయితకి మొహమాటం, చెప్పడానికి మనకి మొహమాటం. ఆర్నెల్లు పోయాక ఆయన మన ఫోన్ ఎత్తడు. 200 రూపాయలకి స్నేహాలు తెగుతాయే తల్లీ. జనం రాకపోతారేమోనని నాకు బెంగ లేదు, ఇదే బెంగ.

అందుకని చీటీలు పెట్టు. ప్రతి కాపీలోనూ ఒక చీటీ: రచయిత పేరు, ధర, 1 నుంచి 10 దాకా అంకె. పుస్తకం అమ్ముడవగానే చీటీ లాగి, నగదైతే ‘న’, ఫోన్లో పంపితే ‘ఫో’ అని రాసి ఆ రచయిత కవర్లో వెయ్యి. ఊరికే ఇస్తే ‘ఉ’ అని రాసి, తీసుకున్నవాళ్ల పేరు కూడా రాయి. ఆ చీటీ కూడా కవర్లోకే. చివర్లో కవర్లో చీటీలూ మిగిలిన పుస్తకాలూ కలిపితే 10 రావాలి. తగ్గిందా, పోయింది. ఆ నష్టం ఎవరిదో పుస్తకాలు దించకముందే మాట్లాడుకో. మిగిలిన కాపీలు తిరిగి పంపే పార్సిల్ ఖర్చు, హాలు కోసం నువ్వు పట్టుకునేది కూడా అప్పుడే చెప్పెయ్. నూటికి పది చాలు, దుకాణంలా పట్టుకోకు. లైట్లు ఆర్పకముందే డబ్బిచ్చి సంతకం తీసుకో. ‘రేపు పంపుతాను’ అన్నావో, నాకు కోపం వస్తుంది.

ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే ఒప్పుకోకు, నీ ఫోన్లో డబ్బు పడిందో లేదో చూడు. ముందురోజే హాలుకి వెళ్లి, బల్ల వేసే చోట నిలబడి ఒక్క రూపాయి పంపించి చూడు. సిగ్నల్ లేని హాలు నాకెందుకమ్మా! యాభైలూ పదులూ చిల్లర ఓ వెయ్యి ఉంచుకో. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఎవరు బెదిరించినా బెదరకు.

చదవడానికి తలా 7 నిమిషాలు. పుస్తకంలో మూడు పేజీలు మించవు. ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి చూసుకోమను. ఈ ఊళ్లో మన పిల్లలు చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్ల కోసం గట్టిగా, నెమ్మదిగా చదివించు. విన్నాక అమ్మకో అమ్మమ్మకో కొంటారు. వాళ్లని ‘తెలుగు చదవలేవా?’ అని మాత్రం ఎవరినీ అననివ్వకు.

పెట్టెకి 40 కాపీలు మించి సర్దకు, అడుగు ఊడుతుంది. నువ్వు ఎత్తకు, నీ నడుం సంగతి నాకు తెలుసు. లెక్కకి 200 పేజీల నోటుపుస్తకం పంపుతున్నాను. గడులు గీసే ఉంచాను, పేర్లు నువ్వు రాసుకో.

మీ బాబాయి