సొదొమ నాశనానికి కారణం స్వలింగ సంపర్కమేనా?

సొదొమ బైబిల్‌లో దేవుడు నాశనం చేసిన పట్టణం. స్వలింగ సంపర్కం ఒక్కటే దానికి కారణమని బైబిల్ చెప్పదు. చర్చిల్లో చాలామందికి ఉండే సందేహమే ఇది. ఆదికాండము 19వ అధ్యాయంలో ఊరి మగవాళ్లు అక్కడ నివసించే లోతు అనే వ్యక్తి ఇంటిని చుట్టుముట్టి, అతని అతిథులను అప్పగించమంటారు. అది సామూహిక బలాత్కార ప్రయత్నం. పరాయివారికి ఆశ్రయమివ్వడం పవిత్రమైన బాధ్యతగా ఉన్న కాలంలో అంతకు మించిన ద్రోహం లేదు. దాన్ని ఇద్దరి ఇష్టపూర్వక బంధంతో కలిపేయడం అన్యాయం. యెహెజ్కేలు 16:49 సొదొమ దోషాన్ని ఇలా చెబుతుంది: గర్వం, తిండికి లోటులేని సుఖం, అయినా పేదలను ఆదుకోకపోవడం. తర్వాతి వచనం హేయమైన పనులనూ, కొత్త నిబంధనలోని యూదా పత్రిక (యూదా రాసిన లేఖ) లైంగిక దుర్నీతినీ జోడిస్తాయి.

అలాగని బైబిల్ ఈ విషయంలో మౌనంగా ఉందనుకోవడమూ పొరపాటే. లేవీయకాండము 18:22, రోమా 1:26-27 స్వలింగ సంపర్కాన్ని తప్పుపడతాయి. వాటిని నేటికి ఎలా అన్వయించాలన్న దగ్గరే క్రైస్తవ సంఘాలు విడిపోతున్నాయి.