గొర్రె ఒళ్లు రుద్దుకుంటే ప్రయాన్ జబ్బేనా?

సందేహం: హోస్కోటె దగ్గర 22 నెల్లూరు గొర్రెలు మేపుతున్నాం. రెండింటికి ఒంటి మీద వెంట్రుక రాలి, పొద్దస్తమానం గుంజకు రుద్దుకుంటున్నాయి. ఏడాది పిల్ల ఒకటి తల పక్కకు వాల్చి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది. ఇది మెదడులో ప్రయాన్ అనే ప్రొటీన్ చెడే స్క్రేపీ అని మా అబ్బాయి అంటున్నాడు. ప్రాణం లేని ప్రొటీన్ ఎలా పెరుగుతుంది? మాంసం తినొచ్చా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు స్క్రేపీ కన్నా మామూలు జబ్బులకే ఎక్కువ సరిపోతున్నాయి. స్క్రేపీ సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల గొర్రెల్లో బయటపడుతుంది, ఏడాది పిల్లలో చాలా అరుదు. మన దేశంలో అసలు లేదని కాదు, హిమాలయ పాదాల ప్రాంతపు గొర్రెల్లో ఉన్నట్టు 1961లో రాశారు.

ప్రాణం లేని ప్రొటీన్ ఎలా పెరుగుతుందని మీరు అడిగింది మంచి ప్రశ్నే. ప్రయాన్ ప్రొటీన్ ఆరోగ్యంగా ఉన్న గొర్రెలోనూ ఉంటుంది, నరాల కణాల పైపొరకు అంటుకుని. అది ఒక తీరుగా మడిచి ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. మడత మారిన ప్రొటీన్ ఒకటి దాన్ని తాకితే, ఇదీ అదే మడతలోకి మారిపోతుంది. దీన్ని పెరుగు తోడుతో పోలుస్తుంటారు గానీ తోడులో బతికున్న సూక్ష్మజీవులుంటాయి, కాబట్టి ఆ పోలిక కుదరదు. కలకండ సరిగ్గా సరిపోతుంది. పాకంలో వేలాడదీసిన దారానికి ఒక పలుకు పట్టిందంటే, పాకంలోని చక్కెరంతా వచ్చి ఆ పలుకు ఆకారంలోనే పేరుకుంటుంది. ప్రొటీన్ పోగు కూడా అలాగే పొడుగవుతుంది, విరుగుతుంది, విరిగిన ప్రతి ముక్కా కొత్త పలుకవుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఏమీ కనిపించదు, ఆ తర్వాత నెలల్లోనే జంతువు పడిపోతుంది. పాకమే లేకపోతే? ఈ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలకు మడత మారిన ప్రయాన్ ఎక్కించినా జబ్బు రాలేదని 1993లో తేలింది.

ఇది ఒంట్లోని సొంత ప్రొటీనే కాబట్టి రోగనిరోధక శక్తి దాన్ని శత్రువుగా చూడదు. జ్వరం రాదు, టీకా లేదు, మందు లేదు. నరాల కణాల్లో బుడగలు లేచి మెదడు స్పంజిలా తయారవుతుంది. మరగకాచినా, ఫార్మలిన్‌లో వేసినా మడత మారిన ప్రయాన్ నశించదు. దాన్ని పోగొట్టడానికి ల్యాబుల్లో పరికరాలను 134 డిగ్రీల ఆవిరిలో 18 నిమిషాలు ఉంచుతారు.

ఇక మీ దొడ్డి సంగతి. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. కాబట్టి చర్మం తేలిగ్గా కనిపిస్తుంది, పాయ తీసి వెలుతురులో చూడండి. పేలు కదులుతుంటే పేల మందుతో ఒళ్లు తడపాలి. కొరికే పేలకు ఐవర్‌మెక్టిన్ సూది నమ్మకంగా పనిచేయదు. పొలుసు, పక్కు కడితే గజ్జి. పక్కు అంచున గీరి డాక్టరుకు ఇవ్వండి. గజ్జి అని తేలితే 1 శాతం ఐవర్‌మెక్టిన్ 50 కిలోలకు 1 మి.లీ. లెక్కన చర్మం కింద వేయిస్తారు, 30 కిలోల గొర్రెకు 0.6 మి.లీ. వారం తర్వాత రెండోసారి. చాలామంది ఈ రెండో సూది ఎగ్గొడతారు, జబ్బు తిరగబెట్టేది అక్కడే. మందలో అన్నిటికీ ఒకే రోజు వేయించాలి.

గుండ్రంగా తిరిగే పిల్లకు మెదడులో నీటితిత్తి ఉండొచ్చు. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు మేతలో పడి, వాటి నుంచి వచ్చేదే ఇది. మందలో వేరే గొర్రెను కోసినప్పుడు తలకాయ కుక్కకు వేయకండి, పూడ్చేయండి. కాపలా కుక్కకు ప్రజిక్వాంటెల్ మాత్ర వేయించండి.

కానీ ఇలాంటి నరాల లక్షణాలు రేబిస్‌లోనూ రావొచ్చు కాబట్టి ఆ సంగతి ముందు తేల్చుకోవాలి. ఆ పిల్లను విడిగా కట్టండి, నోట్లో చెయ్యి పెట్టకండి. చనిపోతే తల మీరే కోయకండి. పశువుల డాక్టరును పిలవండి, రేబిస్ పరీక్షా కేంద్రం బెంగళూరులోని హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీలోనే ఉంది.

స్క్రేపీ మనుషులకు సోకినట్టు ఆధారం లేదు. పశువుల నుంచి మనుషులకు వచ్చిన ప్రయాన్ జబ్బు 1986లో బ్రిటన్‌లో గుర్తించిన పిచ్చి ఆవు జబ్బు నుంచి. అక్కడ పశువుల మాంసం, ఎముకల పొడిని దాణాలో కలిపి మళ్లీ పశువులకే మేపారు. మీరు కొనే దాణా బస్తా మీద ఎముకల పొడి అని ఉంటే తీసుకోకండి. నరాల లక్షణాలున్న పిల్లను మాత్రం కోయొద్దు, తినొద్దు. సూది వేసిన గొర్రెను మందు సీసా మీద రాసిన గడువు దాటాకే కోయాలి.