జర్మనీ పౌరసత్వ పరీక్షకు చరిత్ర ఎంత చదవాలి?

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి జర్మనీ పౌరసత్వ పరీక్ష రాయబోతున్నాడు. చరిత్ర ఎంతవరకు చదవాలి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందే ప్రకటించిన 310 ప్రశ్నల నుంచే 33 ఇస్తారు, వాటిలో మూడు నివసించే రాష్ట్రానికి, అంటే మీ అబ్బాయి విషయంలో బవేరియాకు, చెందినవి. గంటలో 17 సరైన జవాబులు గుర్తిస్తే చాలు. అయితే బట్టీ పట్టి గట్టెక్కడం కంటే, 1933 నుంచి 1945 వరకు నాజీలు సాగించిన దారుణాలను చూసిన దేశం, 1949లో రాసుకున్న రాజ్యాంగంలో మానవ గౌరవం ఉల్లంఘించరానిదని మొట్టమొదటి అధికరణంలోనే ఎందుకు ప్రకటించుకుందో గ్రహిస్తూ చదవడం మేలని నా దృఢాభిప్రాయం. 1961లో బెర్లిన్ గోడ కట్టడం, 1989లో అది తెరుచుకోవడం, 1990 అక్టోబరు 3న దేశం ఏకమవడం తప్పక తెలిసి ఉండాలి. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు కాబట్టి, జర్మనీ పౌరసత్వం స్వీకరించగానే భారత పౌరసత్వం పోతుందన్నది కూడా ముందే ఆలోచించుకోమనండి.