చావు ఆలోచన గురించి రోగిని ఎలా అడగాలి?

తమ్ముడూ, పరకాల దగ్గర పీహెచ్‌సీలో డ్యూటీలో చేరి నెలైందని, నిద్ర పట్టట్లేదన్న పత్తి రైతును చావు ఆలోచన గురించి అడగడానికి నోరు రాలేదని రాశావు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అడగడం వల్ల ప్రమాదం పెరగదు. నేనైతే కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అన్నా, మనసు బాగుంటలేదా?" అని మొదలుపెడతాను. కాసేపు విని, సూటిగా "చచ్చిపోవాలనిపిస్తుందా?" అంటాను. చాలామంది అప్పుడే ఊపిరి వదిలి మాట్లాడతారు. అవునంటే, పురుగుల మందు ఎక్కడ పెట్టారో తప్పకుండా అడుగు. ఆ డబ్బా ఆరోజే ఇంట్లోంచి తీయించు. ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్లను తోడిచ్చి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీకి పంపు. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 నంబరు చీటీ మీద రాసివ్వు, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆ రైతుకు మాత్రం రేపే ఆశా అక్కతో కబురు పెట్టు.