జ్ఞానదంతం చుట్టూ నీటి తిత్తి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. కింది దవడ కుడివైపు ఉబ్బింది. ఓపీజీ ఎక్స్‌రే తీసి, బయటికి రాని జ్ఞానదంతం చుట్టూ నీటి తిత్తి ఉందన్నారు. మాది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. దానివల్లే వచ్చిందా? ఇలాంటివి చాలామందికి వస్తాయా? క్యాన్సర్ కాదు కదా? ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, మర్రిగూడ, నల్గొండ జిల్లా

జవాబు: మన పళ్ల మీది గోధుమరంగు గార ఫ్లోరైడ్ పుణ్యమే, వంగిపోయిన కాళ్లూ దాని పాపమే. ఈ తిత్తి మాత్రం దానివల్ల కాదండీ. పన్ను పైకి రాలేక ఎముకలో ఇరుక్కుంటే, దాన్ని కప్పి ఉన్న పొరలో నీరు చేరుతుంది. దవడ తిత్తుల్లో ఈ రకానిది రెండో స్థానం, నూటికి సుమారు 20.

సగానికి పైగా మాత్రం చచ్చిపోయిన పంటి వేరు కొసన పుట్టేవే. నేనూ వాటినే ఎక్కువగా చూస్తాను. దేవరకొండ వైపు నుంచి ఒకావిడ వచ్చింది. చిన్నప్పుడు బోరింగ్ చెయ్యి ఎగిరి ముందు పంటికి తగిలిందట. నొప్పి తగ్గింది, అందరూ మర్చిపోయారు. పన్ను మెల్లగా నల్లబడింది. ఇరవై ఏళ్లకు చిగురు మీద ఉబ్బు తేలింది. సూదితో లాగితే లేత పసుపు నీళ్లు వచ్చాయి. సిరంజిని కిటికీ దగ్గర తిప్పితే లోపల సన్నగా తళుకులు, కొలెస్ట్రాల్ పలుకులు. పిల్లల పంటికి దెబ్బ తగిలి రంగు మారితే దయచేసి ఊరుకోకండి.

కెరటోసిస్ట్ అని మరొకటుంది. నూటికి 10 దాకా ఉంటుందేమో గానీ, నాకు భయం దాంతోనే. తీసేసినా మళ్లీ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2005లో దాన్ని కణితుల్లో చేర్చి, 2017లో తిరిగి తిత్తుల్లో పెట్టింది. ఎక్స్‌రేలో అది అచ్చం మీవాడి తిత్తిలాగే కనిపించవచ్చు. అందుకే, తీసిన పొరను బయాప్సీకి పంపమని మీరే నోరు తెరిచి అడగండి.

ఇలాంటి తిత్తి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అలాగని అబ్బాయి పరీక్షలు అయ్యాక చూద్దామనుకోవద్దు. తిత్తి పెరిగేకొద్దీ ఎముక కరిగి, చిన్న దెబ్బకే దవడ విరగవచ్చు. సాధారణంగా పన్నుతో సహా తీసేస్తారు. మరీ పెద్దదైతే ముందు చిన్న కిటికీలా తెరిచి, కుంచించుకుపోయాక తీస్తారు. కింది పెదవి ఏమైనా మొద్దుబారినట్లుందా అని అబ్బాయిని అడగండి. పెదవికి వెళ్లే నరం ఆ పంటి పక్కనుంచే పోతుంది. ఉందంటే, ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పండి.