క్లిప్పు లేదంటూనే కాలిని పట్టుకునే పెడల్

సందేహం: మా ఊళ్లో సైకిల్ తొక్కే మిత్రుల కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తున్నాను. అందులో ఒక భాగానికి 'క్లిప్పులేని పెడల్స్‌లను సాధారణ పాదరక్షలకు అనుకూలీకరించుట' అని శీర్షిక పెట్టాను. ఒక మిత్రుడు చదివి, 'క్లిప్పే లేనప్పుడు ఇంకేం అనుకూలీకరిస్తావు?' అని నవ్వాడు. తప్పెక్కడుంది? 'సైకిల్ నడపడం' అనాలా, 'తొక్కడం' అనాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ మిత్రుడు సరైన చోటే పట్టుకున్నారు. 'క్లిప్పులేని పెడల్' అనగానే మనకు తోచేది పాలవాడి సైకిల్‌కుండే వెడల్పాటి పెడల్. చెప్పులతోనైనా ఒట్టికాళ్లతోనైనా దాన్ని తొక్కొచ్చు. మీరు చెప్పదలచుకున్నది సరిగ్గా దానికి ఎదురు. బూటు అడుగున బిగించిన బిళ్లను పట్టుకుని కాలిని జారనివ్వని పెడల్ గురించి కదా మీరు రాస్తున్నది!

చిక్కంతా ఇంగ్లీషు పేరులో ఉంది. ఒకప్పుడు పందెం సైకిళ్ల పెడళ్లకు ముందువైపు వంచిన కమ్మీ చట్రం, దానికో తోలు పట్టీ ఉండేవి. కాలి ముందుభాగాన్ని అందులో దూర్చి పట్టీ లాగి బిగించుకునేవారు. ఆ చట్రం పేరు టో క్లిప్. మంచు మీద జారే స్కీలకు బూట్లను పట్టి ఉంచే బిగింపులు చేసే ఫ్రెంచి సంస్థ లుక్, 1984లో అదే ఉపాయాన్ని సైకిల్‌కి తెచ్చింది. నొక్కితే పెడల్ బూటును పట్టుకుంటుంది, మడమ పక్కకి తిప్పితే వదిలేస్తుంది. మరుసటి ఏడాదే ఫ్రెంచి పందెగాడు బెర్నార్ ఇనో ఆ పెడళ్లతో టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెం గెలవడంతో పందేల్లో చట్రానికి కాలం చెల్లుతూ వచ్చింది. చట్రం లేదు కాబట్టి క్లిప్‌లెస్ అన్నారు. ఆ చట్రాన్ని కంటితో చూడని తరం వచ్చినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. మన నూనె మాత్రం? నువ్వుల నుంచి తీసిన నెయ్యి కాబట్టి నూనె అయింది. ఇప్పుడు కొబ్బరి నూనె అంటాం, ఆముదం నూనె కూడా అంటాం. ఇందులో నువ్వులేవని ఎవరూ అడగరు. అయితే కొబ్బరి నూనెను ఇంకో భాషలోకి మారుస్తూ ఎవరైనా 'కొబ్బరికాయ నువ్వుల నెయ్యి' అని రాస్తే నవ్వుతాం. మీరు క్లిప్‌లెస్‌ను విడగొట్టి 'క్లిప్పులేని' అనడం ఆ కోవలోదే. పైగా తెలుగులో 'లేని' అన్నది పాత కథ చెప్పదు, ఇప్పుడు లేదనే చెబుతుంది.

కాబట్టి మొదటిసారి 'క్లిప్‌లెస్ పెడల్' అని ఉన్నదున్నట్టు రాసి, అదేం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి. 'గొళ్లెం పెడల్' అని పేరు పెట్టాలని నాకూ సరదాగానే ఉంది కానీ, షాపుకెళ్లి ఆ పేరు చెబితే తలుపు సామాను చూపిస్తారు. పేరు వదిలేసినా గొళ్లెం దగ్గరి క్రియను మాత్రం వదులుకోకండి. గొళ్లెం పడింది, తాళం పడింది అంటామే, అలాగే 'నొక్కితే బూటు టక్కున పడుతుంది, మడమ బయటికి తిప్పితే ఊడుతుంది' అనండి. 'ఇరుక్కుంటుంది' అని మాత్రం వద్దు. కొత్తగా తొక్కేవాళ్లకు అసలు టెన్షనే అది, సిగ్నల్ దగ్గర కాలు ఊడిరాక పక్కకి పడిపోతామేమోనని.

ఇక 'అనుకూలీకరించుట'. అది బరువైన మాట, దాన్ని తీసేయండి. అయితే దాని బదులు 'మార్చుకోవడం' అని రాసి ఊరుకుంటే ఇంకో తంటా. తెలుగులో 'పెడల్ మార్చుకోండి' అంటే పాతది తీసి కొత్తది వేయించుకోమనే ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. ఉన్నదాన్నే సవరించుకోమనే అర్థం వాళ్లకు తట్టదు. మీ విషయంలో ఈ రెండూ వేర్వేరు పనులు, ఖర్చులూ వేరే. క్లిప్‌లెస్ పెడళ్లు తీసేసి మామూలువి వేయించుకోవడం ఒక దారి. అదే నిజంగా 'మార్చడం'. పెడల్‌ను అలాగే ఉంచి, బూటు బిళ్ల పడే చోట వెడల్పాటి ప్లాస్టిక్ పలకను అమర్చడం రెండో దారి. సైకిల్ భాగాలు చేసే షిమానో సంస్థ, ఎస్‌పీడీ అనే తన రకం క్లిప్‌లెస్ పెడళ్ల కోసం ఎస్‌ఎం-పీడీ22 పేరుతో చేసిన పలక ఇలాంటిదే. దానికి వాడాల్సిన క్రియ 'తగిలించడం'. ఒకవైపు బిగింపు, రెండోవైపు చదును ఉన్న పెడళ్లు కూడా దొరుకుతాయి. అవి వేయించుకుంటే తగిలించే పనే ఉండదు, కాలికింద పెడల్‌ను 'తిప్పుకుంటే' చాలు. మార్చడం, తగిలించడం, తిప్పుకోవడం అని ఏ క్రియను దాని చోట వాడితే సగం వివరణ దానంతటదే అయిపోతుంది. పలక తగిలించమన్నప్పుడు ఒక హెచ్చరిక కూడా రాయండి: ఎస్‌పీడీకి చేసిన పలక, మూడు బోల్టుల బిళ్లలు వాడే రోడ్డు సైకిల్ పెడల్‌కి పట్టదు. ఈ 'పట్టదు'కు సాటి వచ్చే మాట ఇంగ్లీషులో వెతుక్కోవాలి.

పెడల్ విప్పే పద్ధతి కూడా రాస్తారు కాబట్టి, అడగకపోయినా ఒకటి చెబుతాను. ఎడమ పెడల్‌కు మరలు ఎదురు దిశలో ఉంటాయి. అందరికీ అలవాటైన వైపు తిప్పితే వదులవడానికి బదులు ఇంకా బిగుస్తుంది. ఇక్కడ పాఠ్యపుస్తకాల్లో లాగా 'సవ్యదిశ', 'అపసవ్యదిశ' అని రాయకండి. గడియారం ముల్లు తిరిగే వైపును సవ్యదిశ అని బడిలో నేర్పుతారు. సంస్కృతంలోనేమో సవ్యమంటే ఎడమ. ఎడమచేత్తోనూ బాణం వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. పానా చేతిలో పట్టుకున్నవాడికి ఈ పేచీ ఎందుకు? 'కుడివైపు తిప్పండి' అన్నా కుదరదు, తిరిగేదానికి పైభాగం కుడికి పోతే కిందిభాగం ఎడమకు పోతుంది. మెకానిక్కులు చెప్పినట్టు చెప్పండి: క్రాంకు (పెడల్ బిగించి ఉండే కడ్డీ) కదలకుండా పట్టుకుని, 15వ నంబరు పానాను పిడి పైకి ఉండేలా పెట్టి, వెనక చక్రం వైపు లాగండి. ఏ పక్క పెడల్ అయినా వదులవుతుంది. ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. సవ్యమూ లేదు, అపసవ్యమూ లేదు.

'పాదరక్షలు' కూడా మీ పనికి సరిపోదు. హవాయి చెప్పులూ అందులోకే వస్తాయి. మీ ఉద్దేశం ఆఫీసుకో బజారుకో వేసుకెళ్లే బూట్లయితే 'మామూలు బూట్లు' చాలు. శీర్షికను 'క్లిప్‌లెస్ పెడళ్లను మామూలు బూట్లతో తొక్కాలంటే' అని పెట్టండి. ఇందులో అనుకూలీకరణ లేదు, 'మార్చు' లేదు, మూడు దారులూ ఇమిడిపోతాయి. 'తొక్కేలా' అన్నా, మీ వైపు 'తొక్కేటట్టు' అన్నా నాకు అభ్యంతరం లేదు.

సైకిల్‌కు క్రియ 'తొక్కడమే'. నడపడం తప్పని అనను, బండికీ బస్సుకీ వాడుతున్నాం కదా. కానీ 'సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు' అంటే పంక్చరై దిగి పక్కన నడిచాడని అర్థం. పెడళ్ల గురించి రాసే చోట ఆ అనుమానానికి తావివ్వకండి.

మీ శీర్షికలో ఇంకో చిన్న దోషం, 'పెడల్స్‌లు'. ఇంగ్లీషు బహువచనం మీద తెలుగు బహువచనం ఎక్కింది. సైకిల్ సైకిళ్లయినట్టు, హోటల్ హోటళ్లయినట్టు పెడల్ పెడళ్లవుతుంది. మాటల్లో 'పెడల్స్' అన్నా ఎవరూ తప్పుపట్టరు. రెండూ కలిపితేనే తంటా.