అరిసెలు నూనెలో విడిపోతుంటే పాకం కన్నా ముందు పిండి సంగతి చూడండి

పుణెలో ఉంటున్నాం, ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళడం కుదరదు, అరిసెలు నేనే వండాలి, పోయినసారి నూనెలో వేయగానే అంచులు విడిపోయి మూకుడంతా మడ్డి అయిపోయింది అని రాశారు. పాకం ఎప్పుడు దింపాలో ఎవరిని అడిగినా ఒక్కోలా చెబుతున్నారనీ, షాపులో దొరికే బియ్యప్పిండి వాడొచ్చా అనీ అడిగారు. చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉందని నా అనుమానం. ప్యాకెట్ పిండి వద్దండి. ఎంత మంచి కంపెనీదైనా వద్దు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో పండక్కే కాదు, పెళ్ళి సారెకీ, పిల్లలు అడుగులు వేసేటప్పుడు వాళ్ళ కాళ్ళ కింద పెట్టడానికీ అరిసెలు వండేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వంటింట్లో మిక్సీతోనే ఏటా వండుతున్నాను, కాబట్టి రోలూ రోకలీ లేకుండా రాదేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి, వస్తుంది. అరిసెలు చెడిపోయాయంటే అందరూ పాకం మీదే నెపం పెడతారు. కానీ పాకం ఎంత సరిగ్గా వచ్చినా పిండిలో తడి లేకపోతే చలిమిడి, అంటే పాకంలో పిండి కలిపిన ముద్ద, కుదరదు. పిండి తడీ పాకం ముదురూ ఒకదానికొకటి సరిపోవాలి, అంతే విషయం. పొడి పిండి పాకంలో ఉన్న కాస్త నీళ్ళనీ లాగేసుకుని గట్టిపడుతుంది, దాంతో మనం భయపడి పాకం లేతగా ఉన్నప్పుడే దింపుతాం, అప్పుడు నూనెలో విడిపోతుంది. మీరు ప్యాకెట్ పిండి వాడి ఉంటే జరిగింది ఇదే అయ్యుంటుంది.

బియ్యం విషయానికొస్తే, బాస్మతి లాంటి పొడుగు బియ్యం వద్దు. మా వైపు ముతక బియ్యం, లేదంటే రేషన్ బియ్యమే వాడతారు. మా తోటికోడలిది కరీంనగర్, వాళ్ళింట్లో దొడ్డు బియ్యమే, సన్న బియ్యంతో వండితే ఆవిడ ఒప్పుకోదు. మీకు అక్కడ అలాంటి బియ్యం దొరక్కపోతే కోలం బియ్యం తీసుకోండి, దాంతో వస్తాయి. మా చెల్లెలు పుణెలోనే ఉంటుంది, ఆమె కోలంతోనే చేస్తుంది. కడిగి నానబెట్టి కనీసం 24 గంటలు ఉంచాలి. మధ్యలో రెండు మూడు సార్లు నీళ్ళు మార్చాలి, మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది, ఆ వాసన నూనెలో వేయించినా పోదు. రాత్రి నానబెట్టి పొద్దున్నే పిండి పట్టేద్దాం అనుకోకండి. గింజ లోపలిదాకా నానితేనే పిండి మెత్తగా నలుగుతుంది.

నానాక జల్లెట్లో వేసి నీళ్ళు పూర్తిగా ఓడనివ్వండి, ఒక అరగంట చాలు. బట్ట మీద ఆరబోయాలని చాలామంది చెబుతారు, ఊళ్ళో మరకి తీసుకెళ్ళి పట్టించేవాళ్ళకి ఆ పద్ధతి బాగానే ఉంటుంది కానీ, ఫ్యాన్ కింద బట్ట మీద వేసి వేరే పనిలో పడితే బియ్యం మీకు తెలియకుండానే ఎండిపోతాయి. నేనైతే జల్లెట్లోంచి నేరుగా మిక్సీలో కొద్దికొద్దిగా వేసి పడతాను. పట్టిన పిండిని వెంటనే సన్న జల్లెడతో జల్లించి, లోతు గిన్నెలో చేత్తో అదిమిపెట్టి, పైన తడి గుడ్డ కప్పేయాలి. పిండిని గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దలా నిలవాలి, వేలితో పొడిస్తే రాలిపోవాలి. నొక్కినా నిలవకపోతే తడి తక్కువైందన్నమాట, చేయి తడిపి కాసిని నీళ్ళు చిలకరించి కలిపి మళ్ళీ జల్లించండి. పిండి పట్టిన రోజే పాకం పట్టేయాలి, ఫ్రిజ్‌లో పెట్టి రేపు చేద్దాం అనుకుంటే పిండి పులుస్తుంది.

పుణెలో ఉన్నారు కాబట్టి రెండు జాగ్రత్తలు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ దుకాణాల్లో అనారసే పిండి అని రెడీమేడ్‌గా అమ్ముతారు. అనారసే అంటే అక్కడివాళ్ళు చేసుకునే అరిసెల్లాంటి తీపి వంటకం, అది కూడా నానబెట్టిన బియ్యంతోనే చేస్తారు, మూడు రోజులు నానబెడతారు, రోజూ నీళ్ళు మారుస్తారు. కానీ వాళ్ళు పాకం పట్టరు, పిండిలో బెల్లమో పంచదారో కలిపి ముద్ద చేసి కొన్ని రోజులు ఉంచి, గసగసాలు అద్ది వేయిస్తారు. దుకాణంలో దొరికే పిండిలో ఆ తీపి ముందే కలిసి ఉంటుంది. బియ్యప్పిండే కదా అని దాన్ని పాకంలో పోశారంటే మొత్తం పాడవుతుంది. రెండోది బెల్లం. సంక్రాంతికి వాళ్ళు నువ్వుల చిక్కీలు చేసుకుంటారు కాబట్టి చిక్కీ గూళ్ అని వేరే బెల్లం అమ్ముతారు. అది కరకరలాడే చిక్కీ కోసం, అరిసెలకి వాడితే రాయిలా బిగుసుకుపోతాయి. మామూలు బెల్లం అడగండి. మా చెల్లెలు కొల్హాపూర్ బెల్లంతోనే చేస్తుంది, రంగు కొంచెం లేతగా వస్తుంది తప్ప రుచికి లోటు లేదు. ఇక్కడైతే నేను అనకాపల్లి బెల్లం, అది కూడా ముదురు రంగుది చూసి కొంటాను. మరీ పసుప్పచ్చగా మెరిసే బెల్లం చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం కలిపి తెల్లబరిచినది అయ్యుంటుంది, నాకు దాని మీద నమ్మకం లేదు. కొనేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి, ఉప్పగా తగిలితే వదిలేయండి, అలాంటి బెల్లంతో పాకం సరిగ్గా కుదరదు.

కొలత సంగతి. 1 కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం. తీపి ఎక్కువ తినేవాళ్ళు 800 దాకా వేస్తారు, అంతకు మించితే మాత్రం నూనెలో విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. మీరు ఇద్దరే అన్నారు కాబట్టి అర కిలో బియ్యం, 375 గ్రాముల బెల్లంతో మొదలుపెట్టండి, అరచేతి సైజులో 20-25 వస్తాయి. మొదటిసారే రెండు కిలోలు పెట్టుకోవద్దు, అంత చలిమిడి కలపడానికి భుజాల్లో బలం కావాలి.

ఇక పాకం. బెల్లం దంచి అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, అర కిలో బియ్యం లెక్కకి అర గ్లాసు నీళ్ళు పోసి కరిగించండి. కరగ్గానే ఒకసారి వడకట్టండి, ఇసుక లేకుండా బెల్లం రావడం అరుదు. మళ్ళీ పొయ్యి మీద పెట్టి మధ్య మంట మీద తిప్పుతూ ఉండండి. ముందు తెల్లటి నురుగుతో పొంగుతుంది, తర్వాత బుడగలు చిన్నవై, చిక్కబడి, గరిటె నుంచి ధారగా కాకుండా ఆగి ఆగి పడుతుంది. అప్పటి నుంచీ పక్కన పళ్ళెంలో చల్లటి నీళ్ళు పెట్టుకుని నిమిషానికోసారి రెండు చుక్కలు వేసి చూడాలి. చుక్క నీళ్ళలో కరిగిపోయి పాకిపోతే ఇంకా కాలేదు. వేళ్ళతో దగ్గరికి తీస్తే దగ్గరికొచ్చి, మెత్తటి ఉండగా తయారై, నొక్కితే అణిగి, నీళ్ళలోంచి తీశాక వేలి మీద నిలబడితే అదీ అరిసెల పాకం. ఉండ గట్టిపడి పళ్ళేనికేసి కొడితే టంగుమంటే అది ముదురు, వేరుశెనగ చిక్కీకి పనికొస్తుంది, అరిసెలకి కాదు. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారన్నారు కదా, వాళ్ళ పిండి తడి వేరు, బెల్లం వేరు, అందుకే పాకం గుర్తు కూడా కొంచెం అటూ ఇటూ ఉంటుంది. తడి పిండికి నేను చెప్పిన మెత్తటి ఉండే గుర్తు. వంటకి వాడే థర్మామీటర్ ఉంటే 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈ స్థితి వస్తుంది. కానీ పాకం కొంచెమే ఉంటే థర్మామీటర్ సరిగ్గా మునగదు, అప్పుడు తప్పు చూపిస్తుంది, కాబట్టి నీళ్ళ పరీక్షనే నమ్మండి. ఇండక్షన్ పొయ్యి అయితే ఇంకో సంగతి: చుక్క చూసేలోగా గిన్నెలో పాకం ముదిరిపోతూనే ఉంటుంది, అందుకని చూసే ప్రతిసారీ ఆపేసి చూడండి.

ఉండ రాగానే దింపేసి యాలకుల పొడీ రెండు చెంచాల నెయ్యీ వేసి, వెంటనే పిండి పోయడం మొదలుపెట్టాలి. ఇక్కడ రెండో మనిషి కావాలి, మీ ఆయన్ని పిలవండి. ఒకరు గుప్పెడు గుప్పెడుగా పిండి చల్లుతుంటే ఇంకొకరు ఆపకుండా తిప్పాలి. పిండి మొత్తం ఒక్కసారి కుమ్మరిస్తే లోపల తెల్ల ఉండలు కట్టి, వేయించేటప్పుడు అవే పగుళ్ళు ఇస్తాయి. వేడి పాకం తగిలి తడి పిండి సగం ఉడుకుతుంది, ఆ ఉడకడం వల్లే చలిమిడికి జిగురు వస్తుంది, అరిసె నూనెలో విడిపోకుండా పట్టి ఉంచేది ఆ జిగురే. అందుకే పాకం చల్లారకముందే కలపాలి. ఎంత పిండి పోయాలంటే కొలత ప్రకారం కాదు, చూపు ప్రకారం. గరిటెతో ఎత్తితే ముద్దగా జారాలి, గిన్నె అంచు వదలాలి. వేడిగా ఉన్నప్పుడు కొంచెం జారుగా అనిపించినా కంగారు పడకండి, చల్లారాక బిగుస్తుంది. పిండిలో కనీసం ఒక గుప్పెడు పక్కన ఉంచుకోండి, దాని పని తర్వాత పడుతుంది. పైన నెయ్యి రాసి మూత పెట్టండి.

కలిపిన రోజే వండొచ్చు. నేను మాత్రం ఒక రాత్రి ఉంచి మర్నాడు వండుతాను, పిండి పాకాన్ని బాగా పీల్చుకుని అరిసెలు మెత్తగా ఉంటాయి. తమిళనాడులో అరిసెల్లాంటి అధిరసానికి కూడా పిండిని ఇలాగే మాగనిస్తారు, కొందరైతే ఒకటి రెండు రోజులు ఉంచి గాని వండరు. తెల్లారేసరికి చలిమిడి గట్టిగా ఉంటే చేతికి నెయ్యి రాసుకుని మళ్ళీ మర్దించండి, వస్తుంది.

నూనె కాగాక ముందు ఒక్క చిన్న అరిసె వేసి చూడటం తప్పనిసరి. అంచులు విడిపోతే పాకం లేత, పక్కన పెట్టిన పిండి చలిమిడిలో కలిపి బాగా మర్దించి మళ్ళీ ఒకటి వేసి చూడండి. మెత్తటి ఉండ వచ్చే ముందే దింపేసినా కూడా చాలావరకు ఇలాగే సర్దుకుంటుంది. తడుతుంటేనే అంచులు పగిలినా, వేగాక గట్టిగా వచ్చినా పాకం ముదిరింది, గోరువెచ్చటి పాలు ఒక్కో చెంచా చిలకరిస్తూ కలపండి. అప్పటికీ మెత్తబడకపోతే మొండికేయకుండా సన్నగా తరిగిన కొబ్బరి ముక్కలు కలిపి చిన్న ఉండలు చేసి వేయించేయండి, పాకుండలు అవుతాయి. మా ఇంట్లో పిల్లలు అరిసెల కంటే అవే ఎక్కువ తింటారు, అందుకని కుదిరిన చలిమిడిలోంచి కూడా కొంత వాటి కోసం తీసిపెడతాను.

వేయించడంలో పెద్దగా చెప్పేదేం లేదు. నువ్వులు అద్ది, నూనె రాసిన అరిటాకు మీదో కవరు మీదో మరీ పలచన కాకుండా తట్టి, మధ్య మంట మీద ఒక్కొక్కటే వేయండి. మునిగి పైకి తేలాక తిప్పండి. నూనె చాలినంత వేడి లేకపోయినా అరిసె విడిపోతుంది, నూనె తాగుతుంది. అది పాకం తప్పు అనుకుని చలిమిడిలో పిండి కలిపేయకుండా ముందు మంట చూసుకోండి. లేత ఎరుపు రాగానే తీసేయాలి, బెల్లం కాబట్టి బయటికొచ్చాక కూడా రంగు ముదురుతుంది. తీసిన వెంటనే వేడి మీదే నొక్కాలి. అరిసెల చెక్కలు అక్కడ దొరక్కపోతే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నొక్కండి, నూనె దిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా జల్లెట్లో ఓరగా నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి, వేడి మీద డబ్బాలో పెడితే ఆవిరి పట్టి బూజు వస్తుంది. బాగా ఆరినవి స్టీలు డబ్బాలో రెండు వారాలు హాయిగా ఉంటాయి.

ఈ లెక్కన పండగ ముందు రోజు దాకా ఆగక్కర్లేదు, జనవరి 10 సాయంత్రం బియ్యం నానబెడితే 11 సాయంత్రం పాకం, 12న వండటం, భోగి నాటికి అన్నీ డబ్బాలో ఉంటాయి. చలిమిడి దగ్గర ఎక్కడైనా ఆగిపోతే పిండి నొక్కితే ఎలా ఉందో, నీళ్ళలో ఉండ ఎలా వచ్చిందో రెండూ రాయండి, ఆ రెండూ తెలిస్తే ఏం కలపాలో చెప్పగలను.